ఫీజు గడువు మార్కెట్ కోసం ఆగదు

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఖమ్మం జిల్లాలో జడ్పీ హైస్కూలులో స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. మా వారికి ఎరువుల దుకాణం ఉంది. మూడేళ్లుగా నెలకు 12 వేల రూపాయలు మూడు మ్యూచువల్ ఫండ్లలో సమానంగా సిప్ కడుతున్నాను. వాటిలో ఒకటి ఇండెక్స్ ఫండ్, రెండు స్మాల్ క్యాప్ ఫండ్లు. పద్నాలుగు నెలల క్రితం తోటి ఉపాధ్యాయుడి మాట విని, 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి చిన్నా పెద్దా కంపెనీల షేర్లు అన్నీ కొనే ఒక ఫ్లెక్సీ క్యాప్ ఫండులో ఒకేసారి పెట్టాను. అది ఇప్పుడు 5 లక్షల 16 వేలు చూపిస్తోంది. ఏడు నెలల క్రితం వాట్సాప్ గ్రూపులో వచ్చిన సలహాతో 2 లక్షల 40 వేలు పెట్టి ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్నాను. వాటి విలువ 95 వేలకు పడిపోయింది. బ్యాంకులో 80 వేలు ఉన్నాయి, ఇంటి ఖర్చు నెలకు 45 వేలు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంజినీరింగులో చేరితే ఫీజు, హాస్టల్ కలిపి ఏటా రెండున్నర లక్షలు అవుతుందని అంచనా. అంతా తీసేసి చీటీ వేద్దామని, లేదంటే ప్లాటు కొందామని మా వారు అంటున్నారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడేమో ఇలాంటి అవకాశం మళ్లీ రాదని, బంగారం తాకట్టు పెట్టయినా 5 లక్షలు పెట్టమని పోరుతున్నాడు. పోయిన డబ్బు ఆప్షన్స్‌లో రాబట్టుకోవచ్చని స్కూల్లో మరొకరు చెబుతున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: టీచరు గారికి నమస్కారం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ వారు, మీ తమ్ముడు, మీ సహోద్యోగి ఇచ్చిన సలహాలు ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తున్నా, వాటన్నిటి వెనకా ఉన్నది ఒకే ప్రశ్న. మార్కెట్ ఇక్కడి నుంచి లేస్తుందా, ఇంకా పడుతుందా? దానికి జవాబు వాళ్లలో ఎవరి దగ్గరా లేదు, టీవీలో రోజూ మాట్లాడే వాళ్ల దగ్గరా లేదు. జవాబు చెప్పగలిగిన ప్రశ్న వేరే ఉంది. మీ డబ్బులో ఏ భాగం మీకు ఏ నెలలో కావాలి అన్నదే ఆ ప్రశ్న. దానికి కావలసిన వివరాలన్నీ మీరే రాశారు, కానీ మీ చుట్టూ ఉన్నవాళ్లెవరూ దాని జోలికి పోలేదు. నేను చెప్పబోయేదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మార్కెట్ పడిన తరువాత కోలుకోవడానికి పట్టే కాలం ప్రతిసారీ ఒక్కో తీరుగా ఉంది. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ 2009 మార్చి 9న 8,160 వద్ద ముగిసింది, మళ్లీ 21 వేలకు చేరింది 2010 దీపావళికి, అంటే దాదాపు మూడేళ్లకు. 2020 మార్చి 23న కరోనా భయంతో ఒక్కరోజులోనే 13 శాతం పడి 25,981కి దిగింది, అయినా ఆ ఏడాది నవంబరుకల్లా పాత గరిష్ఠాన్ని దాటేసింది. 2024 సెప్టెంబరు 27న 26,277ను తాకిన నిఫ్టీ, ఆ తరువాతి అక్టోబరు ఒక్క నెలలోనే విదేశీ మదుపరులు సుమారు 94 వేల కోట్ల రూపాయలను మన షేర్ల నుంచి వెనక్కి తీసుకోవడంతో దిగడం మొదలుపెట్టి, 2025 ఏప్రిల్ 7న ఒక దశలో 21,743కి వచ్చింది. ఇక జపాన్ సూచీ నిక్కీ 1989 చివర చేరిన శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో, అంటే 34 ఏళ్లకు. మన మార్కెట్ కూడా జపాన్ మార్కెట్ లాగే అవుతుందని నేను అనడం లేదు. ఓపిక పడితే షేర్లు పెరిగి తీరతాయన్న మాటను మీ తమ్ముడు ఎంత ధీమాగా చెప్పినా, ఆ ఓపిక ఎనిమిది నెలలా, మూడేళ్లా, ముప్ఫై ఏళ్లా అన్నది ముందుగా తెలియదని మాత్రమే చెబుతున్నాను.

మీ అమ్మాయి ఫీజు విషయంలో ఆ అనిశ్చితి లేదు. ఎప్‌సెట్ కౌన్సెలింగులో సీటు వచ్చాక, కేటాయింపు పత్రంలో ట్యూషన్ ఫీజు ఎంతో, దాన్ని ఏ తేదీలోగా ఆన్‌లైన్‌లో కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలో రాసి ఉంటుంది. ఆ తేదీ దాటితే సీటు పోతుంది. ఆ రోజున నిఫ్టీ ఎక్కడుందో ఎవరూ అడగరు. కాబట్టి ఫ్లెక్సీ క్యాప్ ఫండులో ఉన్న 5 లక్షల 16 వేలలో మొదటి ఏడాదికి కావలసిన రెండున్నర లక్షలను ఇప్పుడే, ఈ వారంలోనే, నష్టమైనా సరే తీసేయండి. రెండో ఏడాదికి కావలసిన రెండున్నర లక్షలను రాబోయే అయిదు నెలల్లో నెలకు 50 వేల చొప్పున తీయండి. మార్కెట్ కాస్త లేచిందని ఆపవద్దు, పడిందని కంగారుపడి ఒకేసారి లాగేయవద్దు. తీసిన డబ్బును ఫీజు గడువుకు ముందే ముగిసేలా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. ఒక బ్యాంకులో ఒక్కొక్కరి పేరున అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది, రెండు బ్యాంకుల్లో విడదీసి వేస్తే మీ మొత్తం ఆ పరిధిలోకే వస్తుంది.

నష్టానికి అమ్మమంటే మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయిదు లక్షలూ ఇదే ధరకు తీస్తే పోయేది 81 వేల పైచిలుకు, ఒక ఉపాధ్యాయురాలికి అది చిన్న మొత్తం కాదు. కానీ ఈ నష్టానికి కారణం ఇవాళ అమ్మడం కాదు. ఏడాదిన్నరలో అవసరపడబోయే ఫీజు డబ్బును డిపాజిట్ నుంచి తీసి షేర్లలో పెట్టిన రోజే దానికి బీజం పడింది. ఇప్పుడు ఆలోచించవలసింది ఇకముందు జరగబోయేదాని గురించే. మొదటి ఏడాది ఫీజు డబ్బును ఫండులోనే ఉంచారనుకుందాం. మార్కెట్ 15 శాతం పెరిగితే మీకు 37,500 రూపాయలు కలిసివస్తాయి. అలాకాక 25 శాతం పడితే 62,500 రూపాయలు తగ్గి, జూలైలోనో ఆగస్టులోనో ఫీజు కట్టడానికి చేబదులు కోసమో, బంగారం తాకట్టు కోసమో పరుగెత్తవలసి వస్తుంది. పెరిగితే మీ జీవితంలో పెద్దగా మారేదేమీ లేదు, పడితే మాత్రం అమ్మాయి సీటే చిక్కుల్లో పడుతుంది. అందుకే ఈ పందెం వద్దంటున్నాను.

పన్ను విషయం కూడా ఇక్కడే చెప్పాలి, చాలామంది దీన్ని వదిలేసుకుంటారు. ఫండు కొని పన్నెండు నెలలు దాటింది కనుక ఇది దీర్ఘకాలిక మూలధన నష్టం అవుతుంది. దీన్ని దీర్ఘకాలిక లాభాలతో మాత్రమే సర్దుబాటు చేసుకోవచ్చు. వాట్సాప్ సలహాతో కొన్న షేర్లకు ఏడు నెలలే అయింది కాబట్టి వాటి నష్టం స్వల్పకాలికం, అది స్వల్పకాలిక లాభాలకూ దీర్ఘకాలిక లాభాలకూ రెండింటికీ పనికొస్తుంది. రెండింటినీ ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు, అయితే గడువు లోపల రిటర్ను వేస్తేనే ఆ హక్కు ఉంటుంది. మీరు ఏటా జీతం ఒక్కటే చూపించి ఐటీఆర్-1 వేస్తూ ఉంటే ఈసారి అది చాలదు, ఐటీఆర్-2 వేయాలి.

ఇప్పుడు ఆ చిన్న కంపెనీ షేర్ల సంగతి. ఇక్కడ రెండు వేర్వేరు పతనాలను కలిపి చూడవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. మార్కెట్ పడటం వేరు, ఒక కంపెనీ పడటం వేరు. మీ ఫ్లెక్సీ క్యాప్ ఫండు 14 శాతం తగ్గింది, అది మార్కెట్ పతనం. ఈ షేరు 60 శాతం తగ్గింది, దీనికి మార్కెట్‌ను మించిన కారణం ఏదో ఉండి ఉంటుంది. హైదరాబాదులో ఈ తేడా ఎలా ఉంటుందో మన తెలుగు కుటుంబాలు కళ్లారా చూశాయి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కలు తప్పని ఒప్పుకుంటూ లేఖ రాసిన రోజున, అంతకుముందు 179 రూపాయలున్న షేరు 40 దగ్గరకు పడింది. ఆ తరువాత రెండేళ్లు కూడా గడవకముందే సెన్సెక్స్ తన పాత ఎత్తుకు చేరింది, సత్యం షేరు చేరలేదు. 2018 ఆగస్టులో 400 రూపాయలకు చేరువలో ఉన్న యస్ బ్యాంకు షేరు, 2020 మార్చిలో రిజర్వ్ బ్యాంకు మారటోరియం, అంటే డిపాజిట్లు తీసుకోవడం మీద పరిమితి, విధించేనాటికి 40 లోపుకు వచ్చింది. 300కు పడినప్పుడు కొన్నవాళ్లు, 200కు పడినప్పుడు సగటు తగ్గించుకుందామని మరికొన్ని కొన్నవాళ్లు, 100కు వచ్చాక ఇంకేం పడుతుందిలే అనుకున్నవాళ్లు అందరూ చివరికి ఒకే చోటికి చేరారు. ఏవరేజ్ చేయడం అనే మాట విడి షేర్ల విషయంలో ఎంతమంది కొంప ముంచిందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

మీ ఉత్తరంలో ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో ఎక్కడా రాయలేదు. అది గమనించాకే నా సలహా ఏమిటో నాకు స్పష్టమైంది. ఉంచుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఇవాళ మీ చేతిలో 95 వేలు నగదు ఉంటే, మీరు మీ అంతట మీరుగా వెళ్లి ఈ షేరే కొంటారా? కొనరు అనిపిస్తే అమ్మేయండి, ఎంతకు కొన్నారన్నది ఆ కంపెనీకి తెలియదు. నిర్ణయానికి ముందు ఒక గంట వెచ్చించగలిగితే బీఎస్ఈ వెబ్‌సైటులో ఆ కంపెనీ పేరు కొట్టి, మూడు నెలలకోసారి పెట్టే వాటాదారుల పట్టిక తెరవండి. కంపెనీని నడిపే యజమానుల, అంటే ప్రమోటర్ల వాటా తగ్గుతూ వస్తోందా, అందులో తాకట్టు పెట్టిన భాగం ఎంత ఉంది అన్నది అక్కడే కనిపిస్తుంది. వార్షిక నివేదికలో లాభం చూపిస్తూనే వ్యాపారం నుంచి వచ్చే నగదు ఏటా లోటులో ఉంటే, ఆడిటర్ మధ్యలో తప్పుకుని ఉంటే, ఇక ఆలోచించవలసిన పని లేదు. వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి షేర్లను ఊరంతా కొనమని చెప్పేవాళ్లు తామే ముందుగా తక్కువ ధరకు కొనిపెట్టుకుని, మీలాంటివాళ్లు కొనడానికి వచ్చినప్పుడు అమ్ముకుని బయటపడటం పాత పద్ధతి. సలహా ఇచ్చి డబ్బు తీసుకునేవారు షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ వద్ద నమోదై ఉండాలి, ఆ నమోదు సంఖ్యను సెబీ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఆ 95 వేలు, బ్యాంకులో ఉన్న 80 వేలు కలిస్తే లక్షా 75 వేలు, అంటే దాదాపు నాలుగు నెలల ఇంటి ఖర్చు. మామూలుగా ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమంటారు. మీ జీతం నెలనెలా వస్తుంది కనుక నాలుగు నెలలకు సరిపెట్టుకోవచ్చు, కానీ మీ వారి దుకాణంలో సీజను అప్పులు వసూలు కాక ఆగిపోయే నెలలు ఉంటాయి కాబట్టి అంతకన్నా తగ్గించవద్దు. ఈ డబ్బు ఉన్నంతకాలం మార్కెట్ పడినప్పుడు ఫండ్ల వైపు చేయి చాచవలసిన అవసరం రాదు.

సిప్ విషయంలో నా సలహా దీనికి పూర్తిగా భిన్నం. అది ఆపవద్దు. మీరు 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తరువాత గానీ చేరిన ఉపాధ్యాయురాలైతే కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సీపీఎస్) పరిధిలోకి వస్తారు, పాత పెన్షన్ ఉండదు. పదవీ విరమణకు ఇంకా పదిహేడేళ్లు ఉంది, ఈ సిప్ డబ్బు అప్పటికి మీ ఇద్దరికీ ఆసరా కావాలి. పదిహేడేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బుకు ఇవాళ్టి పతనం వల్ల కీడు కన్నా మేలే ఎక్కువ. నెలకు 5 వేలు కడుతున్నారనుకోండి. యూనిట్ ధర 50 ఉన్న నెలలో 100 యూనిట్లు వస్తాయి, 40కి పడితే 125, 32కు పడితే 156 చిల్లర వస్తాయి. మూడు నెలల్లో కట్టింది 15 వేలు, చేతిలో ఉన్నవి 381 యూనిట్లు. ధర తిరిగి 50కి రానక్కర్లేదు, 40కి వస్తే చాలు, మీ డబ్బు 15,250 అవుతుంది. ధర పడిన నెలల్లో ఎక్కువ యూనిట్లు పోగవ్వడమే దీనికి కారణం, ఆ నెలల్లోనే కట్టడం మానేస్తే ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది.

ఈ తప్పు నేనే చేశాను. 2008లో నెలకు 3 వేలు కట్టేవాణ్ణి. స్టేట్‌మెంట్ కవరు విప్పిన ప్రతిసారీ కట్టిన మొత్తం కన్నా ఉన్న విలువ తక్కువ కనిపించేది. అక్టోబరులో ఒకరోజు బ్యాంకుకు వెళ్లి, ఖాతా నుంచి నెలనెలా డబ్బు దానంతటదే వెళ్లే ఈసీఎస్ ఆపమని తెల్లకాగితం మీద రాసి ఇచ్చి వచ్చాను. ఉద్యోగం పోలేదు, ఇంట్లో అవసరమేమీ రాలేదు, ఆ కాగితం చూడలేక ఆపేశానంతే. మళ్లీ మొదలుపెట్టింది 2010 నవంబరులో, సెన్సెక్స్ 21 వేలకు వచ్చి పేపర్లన్నీ శుభవార్తలు రాస్తున్నప్పుడు. మధ్యలో పోయిన ఆ రెండేళ్ల యూనిట్లు ఇరవై ఏళ్లలో నేను కొనగలిగిన వాటిలోకెల్లా చవకైనవి.

సిప్‌లో ఒక మార్పు మాత్రం చేయండి. నెలకు కట్టే 12 వేలలో 8 వేలు స్మాల్ క్యాప్ ఫండ్లకే పోతున్నాయి, అది మీ పరిస్థితికి ఎక్కువ. చిన్న కంపెనీల షేర్లు పెరిగేటప్పుడు ఎంత వేగంగా పెరుగుతాయో, పడేటప్పుడు అంతకన్నా లోతుకు పడతాయి. 2018 జనవరి నుంచి 2020 మార్చి వరకు నిఫ్టీ స్మాల్ క్యాప్ సూచీ సగానికి పైగా పోయింది, అందులో తొలి రెండేళ్లలో పెద్ద కంపెనీల సూచీలు మొత్తమ్మీద పెరిగాయి. రెండు స్మాల్ క్యాప్ ఫండ్లలో ఒకదానికి కట్టడం ఆపి, ఆ 4 వేలను బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌కు మళ్లించండి. రెండున్నరేళ్లలో లక్షా 20 వేలు, దాని మీద వడ్డీ కలిసి మూడో ఏడాది ఫీజులో సగం వరకు సమకూరుతుంది. మిగిలిన సగానికీ, నాలుగో ఏడాదికీ జీతంలోంచి కొంత, అవసరమైతే విద్యా రుణం కొంత చూసుకోవచ్చు. ఇప్పటికే ఆ ఫండులో ఉన్న యూనిట్లను అమ్మనక్కర్లేదు.

మీ తమ్ముడి సలహా గురించి. అతని ఉద్దేశం మంచిదే, పడిన మార్కెట్‌లో కొనడం తెలివైన పని అన్న మాటలోనూ నిజం ఉంది. అయితే ఆ మాట మిగులు డబ్బు ఉన్నవాళ్లకు. 5 లక్షలకు బంగారం తాకట్టు పెడితే, 10 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 50 వేలు, నెలకు నాలుగు వేల పైమాటే. మార్కెట్ ఇంకో 20 శాతం పడితే ఏడాది చివర మీ దగ్గర 4 లక్షల షేర్లుంటాయి, కట్టవలసింది అయిదున్నర లక్షలు ఉంటుంది, నగలు లాకర్లో ఉండవు. ఇంకా ఎంత పడుతుందిలే అనుకోవద్దు. 2008 మార్చిలో సెన్సెక్స్ 21 వేల నుంచి 15 వేలకు వచ్చినప్పుడు చాలామంది ఇదే మాట అనుకుని అప్పు చేసి కొన్నారు, ఆ తరువాత ఏడాదికి అది 8 వేల దగ్గర ఉంది. అప్పు లేనివాడు అంతకాలం ఆగగలిగాడు, అప్పు చేసినవాడిని వడ్డీ ఆగనివ్వలేదు. మీ తమ్ముడి దగ్గర సొంత మిగులు ఉంటే అతను పెట్టుకోవచ్చు. అతనికి సరిపోయే సలహా మీకు సరిపోదు, అంతే తేడా.

ఆప్షన్స్ మాట చెప్పిన సహోద్యోగికి మర్యాదగా వద్దని చెప్పండి. షేర్ల ధరలు ఎటు పోతాయో పందెం కాసినట్టుగా చేసే వ్యాపారం అది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం మొత్తం లక్షా 80 వేల కోట్లు దాటిందని 2024లో సెబీయే లెక్క తేల్చి చెప్పింది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలన్న సామెత ఈ ఒక్క విషయానికి వర్తించదు.

మీ వారి భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇంటి డబ్బు భద్రంగా ఉండాలన్న ఆయన పట్టుదల సరైనదే, ఫీజు డబ్బు విషయంలో నేను చెప్పిందీ ఆయన చెప్పిందీ ఒకటే. చీటీ వేయాలనుకుంటే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నమోదైన సంస్థలోనే వేయండి, తెలిసినవాళ్లు ఇంట్లో నడిపే చీటీలో అమ్మాయి ఫీజు పెట్టవద్దు. ప్లాటు సంగతి వేరు. దాని ధర రోజూ ఫోనులో కనిపించదు కాబట్టి పడదనిపిస్తుంది, కానీ ఫీజు కట్టవలసిన వారంలో అందులోంచి పది గజాలు కోసి అమ్మలేరు.

ఈ ఆదివారం మీరిద్దరూ కూర్చుని ఒక కాగితం మీద నాలుగేళ్ల ఫీజు నెలలు, వాటి ఎదురుగా ఏ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాసుకోండి. ఫండు ఉపసంహరణ కోరికను పనిదినం మధ్యాహ్నం మూడు గంటలలోపు పెడితే ఆ రోజు ఎన్ఏవీయే, అంటే ఆ రోజు యూనిట్ ధరే, వర్తిస్తుంది, డబ్బు సాధారణంగా రెండు మూడు పనిదినాల్లో ఖాతాకు చేరుతుంది. చేరిన రోజే డిపాజిట్ చేయించండి, నామినీగా మీ వారి పేరు రాయించడం మరవకండి.